నర్సుకు మూసి, పీఆర్వోకు తెరిచిన గేటు

మొన్న శనివారం మధ్యాహ్నం విజయవాడ నగరంలోని ఒక మున్సిపల్ హైస్కూలు గేటు ముందు ఆరుగురు నిలబడ్డారు. ఒకరు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె చదువుకున్నదీ ఆ బడిలోనే. ఇంకొకరు రైల్వేలో లోకో పైలట్, రాత్రి డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చాడు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా లేత్ మీద పనిచేస్తున్న మిస్త్రీ, ఒక ల్యాబ్ టెక్నీషియన్, కొండపల్లి బొమ్మలు చేసే మహిళ, కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టి మూడేళ్లయిన లాయరమ్మ. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తమ పని ఎలా ఉంటుందో, ఆ పనిలోకి తాము ఎలా వచ్చారో చెప్పమని హెడ్మాస్టరు పిలిస్తే వచ్చారు. లోపలికి వెళ్లలేకపోయారు. ‘పై నుంచి ఫోన్ వచ్చింది, బయటివాళ్లను రానివ్వొద్దన్నారు’ అని హెడ్మాస్టరే గేటు దాకా వచ్చి, చేతులు జోడించి వెనక్కి పంపారు.

అదే బడికి, అదే పదో తరగతి గదిలోకి దసరా సెలవుల తర్వాత ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీ పీఆర్వోలు, అంటే కాలేజీకి అడ్మిషన్లు తెచ్చిపెట్టే ఉద్యోగులు, వచ్చారు. ఒక పీరియడ్ మొత్తం మాట్లాడారు. ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు రాసుకున్నారు. తలా ఒక పెన్ను, కాలేజీ ఫొటో ఉన్న టైంటేబుల్ కార్డు పంచి వెళ్లారు. ఆ రోజు పై నుంచి ఫోన్ రాలేదు.

పిల్లల భద్రత ముఖ్యమే. ఎవరు ఎవరో చూసుకోకుండా బడిలోకి రానివ్వకూడదన్నదీ, పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్షల టెన్షన్ ఉంటుందన్నదీ కాదనలేని మాటలే. అలాగైతే ఆ జాగ్రత్త పీఆర్వోల విషయంలో ఏమైంది? నర్సు మెడలో ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంది. లోకో పైలట్ దగ్గర రైల్వే కార్డు ఉంది. ఈ ఆరుగురి పేర్లు, చిరునామాలు, వాళ్లు ఏం మాట్లాడబోతున్నారన్న వివరాలు వారం ముందే హెడ్మాస్టరు కాగితం మీద రాసి పెట్టుకున్నారు. మాట్లాడుతున్నంతసేపూ క్లాస్ టీచర్లు గదిలోనే ఉండేలా ఏర్పాటు చేశారు. వీళ్లలో ఒక్కరైనా పిల్లల ఫోన్ నంబరు అడిగేవాళ్లు కాదు. అడిగినవాళ్లు, రాసుకుని పట్టుకెళ్లినవాళ్లు వేరే ఉన్నారు. భద్రత పేరుతో ఎవరినైనా ఆపాల్సి ఉంటే వాళ్లను ఆపాలి.

ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో బెజవాడలో తెలియనివారు లేరు. కాలేజీల్లో పాఠం చెప్పే లెక్చరర్లకు కూడా అడ్మిషన్ టార్గెట్లు ఉంటాయి. పదో తరగతి సగం కాకముందే బడుల నుంచి పిల్లల జాబితాలు చేతులు మారతాయి. తర్వాత సాయంత్రాలు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. ‘ఇప్పుడే సీటు రిజర్వ్ చేసుకుంటే ఫీజులో కన్సెషన్’ అంటారు. ఇంటర్ బోర్డు షెడ్యూల్ రాకుండా అడ్మిషన్లు చేయకూడదన్న నిబంధన కాగితం మీద ఉంటుంది, అడ్వాన్స్ రసీదు మాత్రం తల్లి చీరకొంగులో ఉంటుంది. వాళ్లు చూపించే కరపత్రంలో రెండే దారులు. ఎంపీసీ అయితే ఇంజినీరింగ్, బైపీసీ అయితే మెడిసిన్. ఈ రెండూ చేయలేనివాడికి ప్రపంచంలో చోటు లేదన్నట్టు ఉంటుంది ఆ మాటల తీరు. దాన్ని బడిలో ‘కెరీర్ గైడెన్స్’ అని పిలుస్తున్నారు. మేం ఆ పేరుతో పిలవలేం. అది అమ్మకం.

మధ్యతరగతి ఇళ్లలో పిల్లలకు ఈ విషయాలు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. బాబాయి బెంగళూరులో ఉంటాడు, పెద్దమ్మ కూతురు అమెరికాలో చదువుతుంటుంది, నాన్న స్నేహితుడు బ్యాంకు మేనేజరు. భోజనాల దగ్గరే సగం సంగతులు చెవిన పడతాయి. మున్సిపల్ బడి పిల్లవాడి తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి నాలుగిళ్లలో పనిచేస్తుంది. ‘మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారు?’ అన్నది ఆ ఇళ్లలో రోజూ వినిపించే మాట. ఆస్పత్రిలో పడ్డా, పోలీసుస్టేషన్ దాకా వెళ్లాల్సి వచ్చినా, పిల్లవాడి చదువుకైనా అదే మాట. ఆ హెడ్మాస్టరు చేసిన పని ఆ పిల్లలకు తెలిసినవాళ్లను సంపాదించిపెట్టడం. ఆరుగురు దొరికారు. ఆ ఆరుగురినీ గేటు బయటే ఆపేశారు.

వాళ్లు లోపలికి వెళ్లి ఉంటే ఏం చెప్పేవాళ్లో ఒకసారి ఆలోచించండి. విజయవాడ జంక్షన్ చుట్టుపక్కల పెరిగిన పిల్లలు రైలు కూత వింటూ నిద్రపోతారు, నిద్రలేస్తారు. ఆ ఇంజిన్‌లో కూర్చునే ఉద్యోగానికి అసిస్టెంట్ లోకో పైలట్‌గా అడుగుపెట్టాలంటే పదో తరగతి, రైల్వే చెప్పిన ట్రేడ్‌లలో ఒక ఐటీఐ ఉంటే రైల్వే పరీక్ష రాయొచ్చని వాళ్లలో ఎంతమందికి తెలుసు? బీటెక్ చేస్తేనే వస్తుందనుకుని ఆశ వదులుకునే పిల్లలు మాకు తెలుసు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేయవచ్చు, ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. రెండేళ్ల ఇంటర్ ఫీజు, హాస్టల్ ఫీజు కట్టలేని ఇంటికి ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పాలా? పీఆర్వో ఈ మాట చెప్పడు. చెబితే అతనికి ఒక అడ్మిషన్ పోతుంది.

లేత్ మిస్త్రీ ఏం చెప్పేవాడు? తన చేతివేలి మీద మచ్చ చూపించేవాడు. లేత్‌లో లోహపు ముక్కను పట్టి తిప్పే చక్ తిరుగుతున్నప్పుడు చేతికి గ్లౌజు ఎందుకు వేసుకోకూడదో, వేసుకుంటే గుడ్డ చిక్కుకుని చెయ్యి ఎలా లోపలికి పోతుందో చెప్పేవాడు. ఒక షాఫ్ట్‌ను వెంట్రుకంత తేడా లేకుండా తీయడంలో ఉన్న ఆనందం చెప్పేవాడు. ఆటోనగర్‌లో చదువు మధ్యలో ఆపి పనిలో చేరిన కుర్రాడికీ, ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేసి వచ్చిన కుర్రాడికీ జీతంలో తేడా ఎందుకుంటుందో చెప్పేవాడు. నర్సు అయితే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎంకూ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కూ తేడా ఏమిటో, నైట్ డ్యూటీలు ఎలా ఉంటాయో, మొదటిసారి తన కళ్లముందు రోగి చనిపోయినప్పుడు ఏమైందో చెప్పేది. బొమ్మలు చేసే మహిళ వాటికి కావాల్సిన తెల్లపొణికి కర్ర దొరకడం ఎంత కష్టమవుతోందో, భౌగోళిక గుర్తింపు వచ్చిన కళ అయినా తన పిల్లలను ఆ పనిలో పెట్టడానికి తానెందుకు వెనకాడుతోందో చెప్పేది. అదీ పిల్లలు వినాల్సిందే. పనిలో ఉన్న మనిషి పనిలోని కష్టం దాచడు. అమ్మేవాడు దాస్తాడు.

ఆడపిల్లల సంగతి ఇంకా ముఖ్యం. మగపిల్లవాడు రోడ్డు మీద తిరుగుతాడు, మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడతాడు, ఏదో ఒక పని కంటపడుతుంది. ఆడపిల్ల బడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి బడికి. ఆ బడిలోనే, ఆ బెంచీల మీదే కూర్చుని చదువుకున్న ఆడమనిషి తెల్ల యూనిఫాంలో వచ్చి ముందు నిలబడటం ఆ పిల్లలకు ఏమిటో, పై నుంచి ఫోన్ చేసినవారికి తట్టలేదు.

2024 సెప్టెంబరును ఈ నగరం మరిచిపోయిందా? బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇదే పిల్లలు రోజుల తరబడి డాబాల మీద కూర్చున్నారు. డ్రోన్లు అన్నం పొట్లాలు తెచ్చి వదలడం చూశారు. సైనికులు వచ్చి, ఇంజినీర్లతో కలిసి గండ్లు పూడ్చారని విన్నారు. నీళ్లు తీసిన తర్వాత నడుంలోతు బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులను, స్తంభాలెక్కి కరెంటు ఇచ్చిన లైన్‌మన్లను కళ్లారా చూశారు. 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను, అంటే గేట్లు ఎత్తడానికి సాయపడే సమతూకపు బరువులను, ఢీకొంటే, వాటిని మార్చే పనిని గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు దగ్గరుండి చేయించారు. వయసు మీదపడ్డా ఆయన బ్యారేజీ మీద నిలబడి పని చేయించడం రాష్ట్రమంతా టీవీలో చూసింది. ఆ పని నేర్వాలంటే ఏం చదవాలి, ఎక్కడ చదవాలి అని ఆ పిల్లల్లో ఒక్కరికైనా ప్రశ్న పుట్టి ఉండదా? పుట్టి ఉంటుంది. అడగడానికి మనిషి లేడు. అడగదగిన మనుషులు వస్తే బయటివాళ్లన్నారు. వరదలో ఈ బయటివాళ్లే లోపలికి వచ్చారు.

ఇక నిబంధనల మాటకొద్దాం. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, స్థానికంగా ఉన్న వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. 2021లో కేంద్రం విద్యాంజలి పోర్టల్‌ను కొత్తగా తెచ్చి, బడికి సాయం చేయాలనుకునే పౌరులు, వృత్తి నిపుణులు పేర్లు నమోదు చేసుకోమని పిలిచింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లలకు, తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఉండాలని, చదువులోనూ ఉద్యోగాల్లోనూ ఎన్ని రకాల దారులున్నాయో తెలియజెప్పాలని, మితిమీరిన ఒత్తిడి తగ్గించాలని అందులో ఉంది. ఆ కేసు మన రాష్ట్రానిది. పోయింది మన రాష్ట్రానికి చదువుకోవడానికి వచ్చిన బిడ్డ. ఆ తీర్పు వచ్చాక కూడా మన నగరంలో ఒక హెడ్మాస్టరు సొంత పూనికతో ఆ దారులు చూపించబోతే ఆపేశారంటే ఏమనాలి?

ఏ నిబంధన కింద ఆపారని మేం అడిగాం. కాగితం లేదు. ఫోన్‌లో చెప్పారంతే. కాగితం మీద పెట్టడానికి ధైర్యం చాలని ఆదేశాన్ని ఫోన్‌లో ఇవ్వడం ఈ మధ్య మన కార్యాలయాల్లో అలవాటుగా మారింది. రేపు ఎవరైనా నిలదీస్తే ‘నేను అనలేదు’ అనడానికి వీలుంటుంది. నింద మాత్రం హెడ్మాస్టరు నెత్తిన పడుతుంది. పీఆర్వోలను రానిచ్చిన రోజున కూడా ఎక్కడా కాగితం లేదు. అంటే రానివ్వడానికీ కాగితం అక్కర్లేదు, ఆపడానికీ అక్కర్లేదు. ఎవరి వెనక ఎవరున్నారన్నదే లెక్క. నర్సు వెనక ఎవరూ లేరు. లేత్ మిస్త్రీ వెనక అసలే లేరు. కాలేజీ వెనక ఉన్నారు. మాకు ఇంతకు మించి వేరే కారణం కనిపించడం లేదు. ఉంటే ఆ అధికారి బయటికి వచ్చి చెప్పాలి, ప్రచురిస్తాం.

దీనితో పోయేది ఒక శనివారం మధ్యాహ్నం కాదు. ఈ కబురు ఈపాటికి నగరంలోని మున్సిపల్ బడులన్నిటికీ చేరి ఉంటుంది. టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటివి గంటలో తిరుగుతాయి. పక్క బడి హెడ్మాస్టరుకు ఇలాంటి ఆలోచనే ఉంటే ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని మానుకుంటాడు. పీఆర్వో వస్తే మాత్రం కుర్చీ వేయిస్తాడు, ఎందుకంటే దానివల్ల ఎవరికీ మాట పడిన దాఖలా లేదు. మంచి పని చేసినవాడికి మందలింపు, పిల్లల జాబితా ఇచ్చినవాడికి ప్రశాంతత అని తేలిపోయాక ఎవరు ఏది ఎంచుకుంటారు? ఆ హెడ్మాస్టరుకు మెమో ఇస్తారన్న మాట కూడా వినిపిస్తోంది. ఇస్తే మాత్రం ఊరుకునేది లేదు. ఇవ్వాల్సి వస్తే పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు ఎవరి అనుమతితో బయటికి వెళ్లాయో తేల్చి, దానికి ఇవ్వండి.

చేయాల్సినది పెద్ద పనేమీ కాదు. ఆ ఆరుగురికీ రాతపూర్వకంగా క్షమాపణ చెప్పి మళ్లీ పిలవాలి. లోకో పైలట్ ఇంకో రోజు నిద్ర మానుకోవాలి, మిస్త్రీ ఇంకో పూట కూలి వదులుకోవాలి. వాళ్లు వస్తామంటున్నారు, మేం మాట్లాడాం. ఈసారి ఫోన్ చేసిన అధికారే గేటు దగ్గర నిలబడి వాళ్లను లోపలికి తీసుకెళ్లాలి, తర్వాత చివరి బెంచీలో కూర్చుని పిల్లలు అడిగే ప్రశ్నలు వినాలి. ఆ కాలేజీ తీసుకెళ్లిన జాబితాను వెనక్కి తెప్పించాలి. దానికి వచ్చే శనివారం దాకా ఆగడానికి లేదు. ఆ పిల్లల ఇళ్లకు అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. ఒక తండ్రి ఆటో తాకట్టు పెట్టి అడ్వాన్స్ కట్టడానికి సిద్ధమయ్యాడు. అతని కొడుక్కి లెక్కలంటే భయం, ఇంజిన్లంటే ఇష్టం.