కాలువ కట్టే తేదీ రైతుకు తెలుసు, సర్వర్ ఆగే తేదీ విద్యార్థికి తెలియదు

గుంటూరు అరండల్‌పేటలోని ఒక డీటీపీ సెంటర్ నుంచి రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. "సార్, వేసవిలో థీసిస్‌కి కాపీ చెక్ చేయిస్తే ఎనిమిది శాతం వచ్చింది కదా. అదే ఫైల్ సార్, ఒక్క లైన్ కూడా మార్చలేదు. ఇవాళ ఇరవై ఏడు వచ్చిందట. థీసిస్ తీసుకోం అంటున్నారు." నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. కృష్ణా కాలువల చరిత్ర మీద ఇంగ్లిషులో ఆరేళ్ళు పనిచేసింది. బైండింగ్‌కి అట్టలు కూడా చెప్పేసింది. గొంతు వణుకుతోంది.

థీసిస్‌లో ఎంత శాతం ఇతర రాతలతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ లెక్కేసి ఇచ్చే ఆ రిపోర్టును మర్నాడు ఇద్దరం ముందేసుకుని కూర్చున్నాం. చివరి పేజీల్లో ఉన్న పుస్తకాల జాబితా మొత్తానికి రంగు పూసి ఉంది. పాత ప్రభుత్వ రికార్డుల నుంచి కొటేషన్ గుర్తుల మధ్య ఎత్తి రాసిన వాక్యాలన్నిటికీ మరో రంగు. ఇక అన్నిటికంటే ఎక్కువగా కలిసిన మూలం ఏమిటా అని చూస్తే 'స్టూడెంట్ పేపర్' అని ఉంది. తీరా అది ఆ అమ్మాయిదే. మధ్యలో సెమినార్ కోసం ఒక అధ్యాయాన్ని ఎల్‌ఎంఎస్‌లో, అంటే పాఠాలు, అసైన్‌మెంట్లు పెట్టే కాలేజీ సైట్‌లో, అసైన్‌మెంట్‌గా పెట్టించారు. అది తనంతట తానే చెకింగ్ టూల్‌లోకి వెళ్ళి అక్కడ నిలవ ఉండిపోయింది. తను రాసుకున్నదే తను కాపీ కొట్టినట్టు లెక్క తేలింది.

ఇది కాక వేసవికీ ఇప్పటికీ మధ్య జరిగింది ఆ టూల్ లైసెన్సు రెన్యువల్. కొత్త లాగిన్ వచ్చింది, పాత సెట్టింగులు పోయాయి. కొటేషన్లనూ పుస్తకాల జాబితానూ లెక్కలోంచి తీసేయమని చెప్పే రెండు టిక్కులు మళ్ళీ ఎవరూ పెట్టలేదు. ఏ సంస్థలో జరిగిందన్నది ఇక్కడ అనవసరం. రెండు టిక్కులు లేకపోవడానికీ, ఒక మనిషి ఆరు నెలలు వెనక్కి పోవడానికీ మధ్య ఎంత తక్కువ దూరం ఉందో చెప్పడమే నా ఉద్దేశం.

ఆరు నెలలన్న మాట ఊరికే అనలేదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిచేసి మళ్ళీ ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అవే నిబంధనలు మూలం చెప్పి ఉటంకించిన భాగాలను, గ్రంథసూచిని, విషయసూచికను, కృతజ్ఞతలను లెక్కలోంచి మినహాయించమన్నాయి. వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసే మామూలు మాటలనూ వదిలేయమన్నాయి. అంటే చట్టం తన పని తాను చేసింది. ఆ మినహాయింపులు అమలయ్యేది మాత్రం సాఫ్ట్‌వేర్‌లోని ఆ టిక్కుల దగ్గరే. వాటిని ఎవరు పెట్టాలి, ఎవరు సరిచూడాలి అని అడిగితే మన క్యాంపస్‌లలో జవాబు చెప్పే మనిషి దొరకడం కష్టం.

అందుకే నేనంటాను, ఈ టూల్స్ అప్‌డేట్లు, సెట్టింగులు, నిర్వహణ అన్నవి కంప్యూటర్ సెక్షన్‌కు వదిలేసే వ్యవహారం కాదు. ప్రశ్నపత్రం తయారీని, మూల్యాంకనాన్ని ఎంత జాగ్రత్తగా చూస్తామో వీటినీ అంత జాగ్రత్తగానే చూడాలి. మార్కులు వేసే పనిలో ఇవి కూడా భాగమైపోయాయి.

ఆ అమ్మాయి థీసిస్‌లో ఒక అధ్యాయం కాలువల మరమ్మతుల గురించే ఉంది. విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇంతకాలంగా ఈ డెల్టా నిలబడింది ఆ కట్టడాల వల్ల మాత్రమే కాదు. వేసవిలో నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, లాకులు, షట్టర్లు బాగుచేస్తారు, గట్లు పోస్తారు. ఖరీఫ్‌కు మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఎప్పుడు కడతారో, ఎప్పుడు వదులుతారో తెనాలి రైతుకీ తెలుసు, రేపల్లె రైతుకీ తెలుసు. నారు పోయడం దగ్గర నుంచి చెరువు నింపుకోవడం దాకా ఆ తేదీలను చూసుకునే చేసుకుంటారు. పనులు సరిగ్గా జరగని ఏడు నిలదీస్తారు కూడా. ఇంత అలవాటున్న నేల మీద, ఇన్ని విశ్వవిద్యాలయాలు ఉన్న గుంటూరు-విజయవాడ దారిలో, సర్వర్ ఎప్పుడు ఆపుతారో ఒక్క పిల్లవాడికి కూడా ముందు తెలియకపోవడం నాకు మింగుడు పడదు.

చాలా కాలేజీల్లో నడుస్తున్న ఎల్‌ఎంఎస్ మూడుల్. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియమాస్ తయారుచేసి 2002లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం అనగానే మనవాళ్ళు ఖర్చే లేదనుకున్నారు. లైసెన్సు ఫీజు లేదు నిజమే, పోషణ ఖర్చు మాత్రం ఉంటుంది. ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి. మామూలు వెర్షన్‌కి ఏడాదిన్నర, ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాలపు వెర్షన్‌కి సుమారు మూడేళ్ళు భద్రతా సవరణలు అందుతాయి. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, 2020 జూన్‌లో వచ్చిన 3.9 అలాంటి ఎల్‌టీఎస్. దానికి భద్రతా సవరణలు 2023 డిసెంబర్‌తో ఆగిపోయాయి. కరోనాలో హడావుడిగా పెట్టుకున్న సైట్‌ని ఆ తర్వాత ముట్టుకోనివాళ్ళు పిల్లల మార్కులను, ఫోన్ నంబర్లను తాళం లేని గదిలో ఉంచినట్టే.

ముట్టుకోకపోవడానికి కారణం బద్ధకం కాదు, భయం. నేను ఆ పని చేసేవాళ్ళ పక్కన కూర్చుని చూశాను. కొత్త మూడుల్ ఎక్కించాలంటే ముందు సర్వర్‌లో దాన్ని నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రాం, డేటాబేస్ కొత్తవి కావాలి. అవి మారిస్తే ఎప్పుడో ఎవరో రాసిచ్చిన థీమ్ పనిచేయదు, హాజరు ప్లగిన్ పనిచేయదు. ప్రోగ్రాం ఫైళ్ళు, అప్‌లోడ్ల ఫోల్డర్, డేటాబేస్, ఈ మూడింటికీ ఒకే సమయంలో బ్యాకప్ తీయకపోతే ఏదైనా తేడా వచ్చినప్పుడు వెనక్కి రాలేం. తీసిన బ్యాకప్ నిజంగా తిరిగి లేస్తుందో లేదో వేరే మెషీన్ మీద పరీక్షించి చూసుకోవాలి. ఇవన్నీ చేయాల్సింది ల్యాబ్ డ్యూటీ, ప్రింటర్ రిపేరు, అడ్మిషన్ల డేటా ఎంట్రీ అన్నీ ఒక్కడే చూసుకునే కాంట్రాక్టు కుర్రాడు. అప్‌గ్రేడ్ సవ్యంగా జరిగితే అతన్ని ఎవరూ మెచ్చుకోరు. తేడా వస్తే మాత్రం అందరూ అతని మీదే పడతారు. టెన్షన్ భరించి అతనెందుకు ముందుకొస్తాడు?

చిన్న ఉదాహరణ చెబుతాను. మూడుల్‌లో క్రాన్ అని ఒకటి ఉంటుంది. నిమిషానికోసారి లేచి పెండింగ్ పనులు చేసుకుపోయే ప్రోగ్రాం అది. ఈమెయిళ్ళు పంపేదీ, పిల్లలు పెట్టిన అసైన్‌మెంట్లను చెకింగ్ టూల్‌కి చేరవేసేదీ అదే. సర్వర్ మార్చినప్పుడు దాన్ని తిరిగి ఆన్ చేయడం మరిచిపోతే సైట్ బాగానే తెరుచుకుంటుంది, అప్‌లోడ్ కూడా అవుతుంది. రిపోర్టు మాత్రం రాదు. మూడు రోజులు 'పెండింగ్' అనే చూపిస్తుంది. పిల్లవాడు ఇచ్చాడో లేదో తేలక లెక్చరర్, ఇచ్చానని నిరూపించుకోలేక పిల్లవాడు ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకుంటారు.

బయటి కంపెనీల టూల్స్‌తో ఇంకో చిక్కుంది. వాళ్ళ మెయింటెనెన్స్ నోటీసు వాళ్ళ గడియారంలో వస్తుంది. కాలిఫోర్నియాలో వేసవి శుక్రవారం రాత్రి తొమ్మిదంటే మనకి శనివారం ఉదయం తొమ్మిదిన్నర. వాళ్ళకి వారాంతం, మనకి చాలాచోట్ల పనిదినం, ఇంటర్నల్స్ రోజు. ఆ నోటీసు వచ్చేది అడ్మిన్ ఈమెయిల్‌కి. దాన్ని మన టైంలోకి మార్చి, తెలుగులో రెండు ముక్కలు రాసి, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఎవరి డ్యూటీ అని రాసి పెట్టుకున్న సంస్థని నేనింకా చూడలేదు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు సింగ్‌నగర్‌లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లకి సిగ్నల్ లేదు. గడువు తేదీ రాగానే తనంతట తానే మూసుకునే అసైన్‌మెంట్‌కి వరద వచ్చిందని తెలియదు. తెలిసిన మనిషి లాగిన్ అయి తేదీ మార్చాలి. అలా మార్చే అధికారం ఎవరికుందో కాగితం మీద ఉండాలి.

ఇక టూలే మారిపోతే? కేంద్రం 2019లో శోధ్‌శుద్ధి పథకం కింద, గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా విశ్వవిద్యాలయాలకు చెకింగ్ సాఫ్ట్‌వేర్ ఇవ్వడం మొదలుపెట్టింది. అది మంచి పని, పేద విశ్వవిద్యాలయాలకు పెద్ద ఊరట. మొదట ఇచ్చింది స్వీడన్‌కు చెందిన ఉర్‌కుండ్. అదే తర్వాత ఒరిజినల్ అని పేరు మార్చుకుంది, 2021లో ఇదే పని చేసే టర్నిటిన్ కంపెనీ చేతికి వెళ్ళింది. ఆపైన పథకంలోకి డ్రిల్‌బిట్ అనే మరో టూల్ వచ్చింది. ఏ టూల్‌కి ఆ టూల్ వేరే భాండాగారంలో వెతుకుతుంది, వేరే పద్ధతిలో లెక్కేస్తుంది. 2019లో చేరిన విద్యార్థి మొదటి అధ్యాయాన్ని ఒక తక్కెడలో, మొత్తం థీసిస్‌ని మరో తక్కెడలో తూచినట్టు అయింది. తక్కెడ మార్చడం తప్పనను. మార్చినప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కొన్ని నెలలు తూచి చూడాలి, తేడా ఎంతుందో గైడ్లకు చెప్పాలి.

తెలుగులో రాసే థీసిస్‌లది మరీ అన్యాయం. అదే అరండల్‌పేట సెంటర్‌లో ఒక తెలుగు థీసిస్ పీడీఎఫ్ తెరిపించాను. అను ఫాంట్లలో టైపు చేసింది. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడ్డాయి. సాఫ్ట్‌వేర్‌కి కనిపించేదీ అదే. అది దేనితో పోల్చుకుంటుంది? పక్క జిల్లా థీసిస్‌ని యథాతథంగా దించినా దాదాపు సున్నా శాతమే చూపించొచ్చు, సర్టిఫికెట్ వచ్చేయొచ్చు. నిజాయితీగా కొటేషన్లు పెట్టి రాసిన ఇంగ్లిషు థీసిస్‌కి 27, ఎత్తిరాసిన తెలుగు థీసిస్‌కి సున్నా వచ్చే వ్యవస్థని నమ్మి పట్టాలు ఇస్తున్నాం. ఏ కంప్యూటర్‌కైనా తెలుగు అక్షరాలుగానే కనిపించే యూనికోడ్‌లో ఇస్తేనే థీసిస్ తీసుకుంటామని ఒక్క సర్క్యులర్ ఇస్తే ఈ కంత పూడుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. టైపు చేసేవాళ్ళకు ఏడాది గడువిస్తే వాళ్ళూ మారతారు.

రాసింది ఏఐనా మనిషా అని గుర్తించే సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. టర్నిటిన్ 2023 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా దాన్ని తెచ్చినప్పుడు అది ఇంగ్లిషు రాతనే చూడగలిగేది. అది ఇచ్చేది అంచనా. అలాంటి కొత్త అంకె రిపోర్టులోకి వచ్చిన రోజున, దాన్ని ఎలా వాడాలో అకడమిక్ కౌన్సిల్ తేల్చేదాకా దాని ఆధారంగా ఎవరి మీదా చర్య తీసుకోకూడదు.

చేయాల్సినవి పెద్దవేమీ కావు. ప్రతి రిపోర్టు మొదటి పేజీలో టూల్ పేరు, చెక్ చేసిన తేదీ, ఏవేవి మినహాయించారో, ఫైల్ నిలవ చేశారో లేదో రాసి, బాధ్యుడు సంతకం పెట్టాలి. డ్రాఫ్టులు నిలవ చేయని పద్ధతిలోనే చెక్ చేయాలి. పరీక్షలకు, థీసిస్ గడువులకు రెండు వారాల ముందు నుంచి అత్యవసర భద్రతా సవరణ తప్ప ఏ మార్పూ చేయకూడదు. వీటన్నిటికీ జీతమున్న పోస్టు ఒకటి కావాలి. కొనడానికి గ్రాంటు దొరుకుతుంది కానీ నడపడానికి మనిషిని ఇవ్వకపోతే ఆ గ్రాంటు వృథా అని ఫైనాన్స్ కమిటీలో కూర్చునేవాళ్ళకి గట్టిగా చెప్పాలి.

ఆ అమ్మాయి విషయంలో సెట్టింగులు సరిచేయించడానికి ఒక పూట పట్టింది. నిలవ ఉండిపోయిన అధ్యాయాన్ని తీసేయమని పెట్టిన ఈమెయిల్‌కి జవాబు రావడానికి మాత్రం పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆమె రోజుకి రెండుసార్లు ఫోన్ చేసింది. ఆ తర్వాత అదే ఫైల్‌కి తొమ్మిది శాతం వచ్చింది. మా శాఖ వచ్చే విద్యాసంవత్సరం క్యాలెండర్ ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. సెలవుల జాబితా కింద ఒక వరస ఖాళీ ఉంది. మే రెండో వారం ఎల్‌ఎంఎస్ అప్‌గ్రేడ్, మూడో వారం పదిమంది విద్యార్థులతో ట్రయల్, జూన్ మొదటి తేదీకి తెరవడం అని అందులో రాసి రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపాను.