సవరణ: కోవిడ్ బ్యాచ్ సర్జన్లు పరీక్ష రాసే పాసయ్యారు

బెంగళూరులో ఆపరేషన్ చేయించుకోబోయే మనవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, 2021లో సర్జరీ పీజీలను పరీక్ష లేకుండానే పాస్ చేసేశారని రాశాను. అది తప్పు. ఫైనలియర్ పీజీ పరీక్షలు రద్దు చేయమంటే ఆ జూన్‌లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అప్పటి కోర్టు వార్తల్లోనే ఉంది. టెన్త్ పిల్లల్ని పాస్ చేసినట్టు డాక్టర్లను చేస్తారా మరి!

దెబ్బ పడింది చేయి తిరగడం మీద. 2020లో ఇక్కడి విక్టోరియా ఆసుపత్రిని కోవిడ్‌కే కేటాయించారు. హెర్నియా, గాల్‌బ్లాడర్ లాంటి ఆగగలిగే ఆపరేషన్లు చాలాచోట్ల వాయిదా పడ్డాయి. జూనియర్లు ముందు కడుపు లోపల చూపించే కెమెరా పట్టుకుని, తర్వాత కుట్లు వేసి నేర్చుకునేది వాటి మీదే. ఆ టైములో చాలామంది పీపీఈ కిట్లు వేసుకుని కోవిడ్ వార్డుల్లో ఉన్నారు. తర్వాత ఆ లోటు పూడ్చుకుని ఉండొచ్చు. పాసైన ఏడాది చూసి వద్దనుకోకండి, ఈ ఆపరేషన్ ఎన్ని చేశారో నేరుగా అడగండి.