గేటు దగ్గర కొమ్ములు, వేదిక మీద శాలువాలు

గోదావరి జిల్లాల్లో చదువుకుని సముద్రాలు దాటిన పూర్వ విద్యార్థులకి ఈమధ్య ఒక కొత్త ముచ్చట పట్టుకుంది. తమ పిల్లలు చదివే అమెరికా యూనివర్సిటీల్లో జరిగే మల్టీకల్చరల్ నైట్ లాంటిది తాము చదివిన చోట కూడా పెట్టించాలని. ముచ్చట మంచిదే, డబ్బులూ ఉన్నాయి. తేడా వస్తున్నదల్లా అక్కడి అచ్చునే తెచ్చి ఇక్కడ గుద్దేయడంలో.

ఆ అచ్చు అందరికీ తెలిసిందే. ఇరవై విద్యార్థి బృందాలు, తలా ఐదు నిమిషాలు, పెన్‌డ్రైవ్‌లో పాట, అందరికీ ఒకటే లైటింగు. ఆడేదీ చూసేదీ విద్యార్థులే కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఇక్కడ వచ్చేవాళ్లు ఆ విద్య మీద బతికేవాళ్లు. వాళ్ల ఆటకి కావలసిన వెలుతురు వేరు, నేల వేరు, నిడివి వేరు. ఐదు నిమిషాల్లో అది పట్టదు. పట్టదని తెలిశాక నిర్వాహకులు ఏం చేస్తారంటే, కళాకారుల్ని గేటు దగ్గర నిలబెడతారు. గోదావరి ఎగువన ఏజెన్సీ నుంచి వచ్చిన కొమ్ముకోయ గిరిజన నృత్య బృందం ముఖ్య అతిథి కారు కోసం తల మీద కొమ్ములతో ఎండలో కాచుకుంటుంది. కారు దిగగానే రెండు నిమిషాలు ఆట, ఒక ఫొటో, ఆపైన తిరుగు బస్సు. లోపల వేదిక మీద మాత్రం గంటసేపు శాలువాలు. దీన్ని సాంస్కృతిక వైవిధ్యం అని బ్యానరు మీద రాయడానికి చెయ్యెలా వస్తుందో!

తోలుబొమ్మలాటనే తీసుకోండి. కాకినాడ పక్కన మాధవపట్నంలో ఆ విద్య తెలిసిన కుటుంబాలున్నాయి. మేకతోలుని వెలుతురు దూరేంత పలచగా చేసి, రంగులు వేసి, నగల చోట సన్నటి చిల్లులు పొడుస్తారు. కొన్ని బొమ్మలు ఇంచుమించు మనిషెత్తు ఉంటాయి. తెల్లటి నూలు పంచెల తెర వెనక దీపం పెట్టి, బొమ్మని తెరకి అదిమి ఆడిస్తారు. కదలనక్కర్లేని బొమ్మని ఈతముల్లుతో తెరకే గుచ్చి వదిలేస్తారు. కాబట్టి డెకరేషన్ వాళ్లు తెచ్చే ప్రొజెక్టరు తెర పనికిరాదు. దాని వెనక ఎంత దీపం పెట్టినా ఇవతలికి వెలుతురు రాదు, ముల్లూ దిగదు. వెనక పెద్ద ఎల్ఈడీ ప్యానెల్ పెట్టినా చిక్కే. అంత వెడల్పు నుంచి వెలుతురు వస్తే, బొమ్మ తెర నుంచి బెత్తెడు జరిగినా అంచులు అలుక్కుపోతాయి. ఒకప్పుడు ఆముదం దీపాలుండేవి, ఇప్పుడు బల్బులు. బల్బులే చాలు, చిన్నవైతే మరీ మంచిది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు పగటి పూట పదకొండు గంటలకి, గాజు కిటికీల హాల్లో పెట్టడం. చీకటి లేకపోతే అసలు ఆటే లేదు. సాయంత్రం ఏడు తర్వాత పెట్టండి. హాల్లో దీపాలార్పే స్విచ్చి ఎవరి అధీనంలో ఉందో, ఆ మనిషి ఆ వేళకి అక్కడుంటాడో లేదో ముందురోజే కనుక్కోండి. వీడియో తీసేవాళ్ల ఫ్లడ్‌లైటు తెర ముందుకి రాకూడదు. యుద్ధం ఘట్టాల్లో కాలి కింద చెక్కలు టకటకలాడించి మోత పుట్టిస్తారు. వేదిక మీద తివాచీ ఉంటే ఆ మోత చచ్చిపోతుంది, తీయించండి. రాత్రంతా సాగే కథ నుంచి ఒక ఘట్టం కోయాలన్నా గంటన్నరకి తగ్గదు. ఆ ఘట్టమేదో మీరు కాదు, బృందం పెద్ద తేల్చాలి. తెలుగు రాని విద్యార్థుల కోసం తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వెయ్యకండి. ఆట మొదలవక ముందు ఐదు నిమిషాలు కథ చెప్పి, ఒక కాగితం చేతికిస్తే సరిపోతుంది.

డప్పు బృందాన్ని పిలిస్తే మంట గురించి ముందే మాట్లాడుకోవాలి. శీతాకాలం మంచుకి తోలు మెత్తబడి నాదం పడిపోతుంది, కాచాలి. కాచి మూడు గంటలు కూర్చోబెడితే మళ్లీ కాచాలి. సెక్యూరిటీ గార్డు ఒప్పుకోడు, అతని తప్పేమీ లేదు. హాలు వెనక ఖాళీ జాగా, రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్టు ఇసుక, రిజిస్ట్రారు సంతకంతో ఒక కాగితం ఉంటే గొడవే లేదు. శివుడి పేరిట నిప్పుతో చేసే వీరనాట్యం హాల్లో వద్దు, మైదానంలో పెట్టండి. తల మీద కుండ పెట్టుకుని ఆడే గరగలు గ్రామదేవత సేవలోవి. వేదిక మీదికి తేవచ్చో లేదో ఆ ఊరివాళ్లనే అడగాలి. ఒప్పుకుంటే నున్నటి గ్రానైటు మీద ఆడించకండి.

హరికథకి స్టాండు మైకు పెట్టి దాసుగారిని ఒకచోట కట్టేసినట్టు నిలబెడుతున్నారు. చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, కథంతా నడుస్తూనే ఉంటుంది. తలకి తగిలించే మైకు ఇవ్వండి. బుర్రకథని వినోదం జాబితాలో కాక ప్రసంగాల జాబితాలో వెయ్యాలన్నది మా పట్టుదల. కథకుడి పక్కనున్న వంతల్లో ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. అంత పదునైన చర్చావేదిక ఏ సెమినారు హాల్లో ఉంది?

ఇక వక్తలు. ఏడుగురిని పిలిచి ఏడుగురికీ అన్యాయం చేసే కంటే ముగ్గురు చాలు. తలా ఇరవై నిమిషాలు, చివర నలభై నిమిషాలు ప్రశ్నలు, అవీ చీటీల మీద. చీటీ ఉంటే వెనక బెంచీ అమ్మాయి కూడా అడుగుతుంది. కోయ భాషలో మాట్లాడేవాళ్లుంటే అనువాదంతో ఇరవై నిమిషాలు కాస్తా నలభై అవుతాయి, ఆ లెక్క ముందే వేసుకోవాలి. ఎవరిని పిలవాలన్నదానికి విమానం టిక్కెట్లు అక్కర్లేదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం కూతవేటు దూరంలో ఉంది, అక్కణ్ణించి పిలవొచ్చు. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లు సూది, దారం తెచ్చుకుని అల్లుతూనే మాట్లాడగలరు; రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి కాలరు మైకు కావాలి. ఉప్పాడ జమ్‌దానీ నేతకి ఆ పద్ధతి కుదరదు. మగ్గాన్ని ఊడదీసి తేవడం కంటే ఒక బస్సు పెట్టి విద్యార్థుల్నే ఉప్పాడ పంపండి.

తేదీ విషయం. ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక వైవిధ్య దినం మే 21. ఆ రోజుల్లో డెల్టాలో ఎండ నిప్పులు చెరుగుతుంది, హాస్టళ్లు ఖాళీ. అక్టోబరు, నవంబరులో తుపాను భయం. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. సంక్రాంతి వారంలో కళాకారులకి ఊళ్లలోనే చేతినిండా పని. మాతృభాషా దినం ఫిబ్రవరి 21 అన్నివిధాలా అనువు. శివరాత్రి ఎప్పుడొస్తుందో మాత్రం పంచాంగం చూసుకోండి, ఆ రోజు వీరనాట్యం వాళ్లు దొరకరు.

డబ్బు దగ్గరే ఎక్కువ పనులు చెడుతున్నాయి. బిల్లు పెట్టి, ఆడిటు దాటి, చెక్కు వచ్చేసరికి నెలలు పడితే వ్యాను కిరాయి బృందం పెద్ద నెత్తిన పడుతుంది. బ్యాంకు పాస్‌బుక్ నకలు ముందే తీసుకుని సగం అడ్వాన్సు ఇవ్వాలి, మిగతాది ఆ రాత్రి వ్యాను కదిలేలోపు. విదేశాల నుంచి డబ్బు పంపే మన వైపు కూడా ఒక మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపేది విదేశీ విరాళం కింద రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, వస్తుంది. విదేశంలో రిజిస్టరైన మన సంఘం ఇచ్చేదీ అంతే. తీసుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషను గానీ, ముందస్తు అనుమతి గానీ, మినహాయింపు గానీ ఉండాలి. రిజిస్ట్రేషను ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. కార్యక్రమానికి ఆరునెలల ముందే ఈ సంగతి యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసరుని అడగండి. ఆయన పంపే అంచనా పట్టీలో శాలువాలు, మెమెంటోల వరస కనిపిస్తే కొట్టేసి, అదే మొత్తం బొమ్మలాటవాళ్ల వ్యాను పక్కన రాయండి.