సిమిలారిటీ దించాలంట, జ్వరం దించినట్టు

పొద్దున లేచి ఫోన్ చూస్తే మా పిన్ని కొడుకు మెసేజ్. "అక్కా, ప్రాజెక్ట్ రిపోర్ట్ పంపాను. సిమిలారిటీ 34 శాతం వచ్చింది. 10 లోపు దించి రేపటికి పంపవా ప్లీజ్? నువ్వు రీసెర్చ్ రైటింగ్ కోర్సు చేశావుగా!" కింద నాలుగు దండాలు. సిమిలారిటీ అంటే, మన రాతలో ఎంత శాతం వేరేవాళ్ళ రాతలతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క.

దించడం ఏంట్రా నాయనా? తడిగుడ్డ వేస్తే దిగడానికి అదేమైనా జ్వరమా?

కోపం ఆపుకుని, "ఇంతకీ నీ ప్రాజెక్టు దేని మీద?" అని అడిగాను. "ఒక్క నిమిషం అక్కా, ఫైల్ ఓపెన్ చేసి చెప్తా" అన్నాడు. బీటెక్ ఫైనలియర్ వాడు. ఆ ఫైల్ మొదట్లోనే "ఇది పూర్తిగా మా సొంత కృషి అని ప్రకటిస్తున్నాము" అని నలుగురూ సంతకాలు పెట్టి ఉన్నారు.

మూడో పేజీ దాకా చదివాను. అప్పటికే ఏదో పారాఫ్రేజ్ టూల్‌లో (మాటలు మార్చి రాసిచ్చే సాఫ్ట్‌వేర్) వేసి ఒక తిప్పు తిప్పినట్టున్నారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయి కూర్చుంది. దొంగ చైతన్యం! ఇది మావాడొక్కడి ఘనత కాదు లెండి. 2021లో ఫ్రాన్స్‌కి చెందిన గియోమ్ కబనాక్, ఆయనతో ఇంకో ఇద్దరు, అచ్చయిన జర్నల్స్‌లోనే ఇలాంటివి బోలెడు పట్టుకుని "టార్చర్డ్ ఫ్రేజెస్" అని పేరు పెట్టారు. చిత్రహింస పడ్డ మాటలన్నమాట. మావాడి రిపోర్టులో మాటలన్నీ పోలీస్ స్టేషన్ నుంచి కుంటుకుంటూ బయటికొస్తున్నట్టే ఉన్నాయి.

ఆ 10 ఎక్కడిదంటారా? మన యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ 2018లో పెట్టిన కాపీ నిబంధనల ప్రకారం పోలికలు 10 శాతం లోపుంటే శిక్ష లేదు. మనవాళ్ళకి అందులో అర్థమైంది ఒక్కటే, తొమ్మిది దాకా ఎత్తుకురావచ్చని. ఇంకో విశేషం ఏంటంటే, ఆ లెక్కలోంచి అక్నాలెడ్జ్‌మెంట్ పేజీని మినహాయించారు. ఎవరో అనుభవం ఉన్నవాళ్ళే రాసుంటారు. లేకపోతే ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ గారికి, తల్లిదండ్రులకి, ఆ భగవంతుడికి చెప్పుకునే కృతజ్ఞతలతోనే దేశం మొత్తం ఫెయిల్.

సరే, నా కోర్సు సంగతి. ఇక్కడ టెక్సాస్‌లో నర్సింగ్‌కి వెళ్దామని కమ్యూనిటీ కాలేజీలో చేరాను. ముందు కంపోజిషన్ తీసుకోమన్నారు. ఇంగ్లీష్ 1301, దాని తర్వాత 1302. రెండోది చాలామటుకు రీసెర్చ్ పేపరే. అప్పుడు ఇదే పిన్ని, ఎవరిదో పెళ్ళిలో పదిమంది ముందు "బీటెక్ చేసిన పిల్ల వ్యాసం రాయడం నేర్చుకోడానికి డాలర్లు కడుతోందంట" అని నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్ళి కదా, ఏం చేస్తాం.

మొదటి డ్రాఫ్ట్ ఎలా మొదలుపెట్టానో తెలుసా? అనాది కాలం నుంచి మానవ జీవితంలో నీరు కీలక పాత్ర పోషిస్తోందని. అదే ఇంగ్లీషులో. పక్కన ప్రొఫెసరమ్మ పెన్సిల్‌తో "అనాది నుంచి నువ్వు అక్కడే ఉన్నావా?" అని రాసింది. తర్వాతి వాక్యం పక్కన "ఎవరన్నారు?" దాని తర్వాతి దానికీ "ఎవరన్నారు?" నాలుగు పేజీల్లో పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను. కార్లో కూర్చుని ఏడ్చాను. టెన్త్‌లో ఆ వాక్యంతో మొదలుపెడితేనే కదా ఐదుకి నాలుగున్నర వేశారు నాకు!

నీటి కాలుష్యం మరీ పెద్ద టాపిక్, తగ్గించమంది. ఇండియాలో తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ అన్నాను. ఇంకా తగ్గించమంది. కనిగిరి అన్నాను. అదెక్కడ అని కుర్చీ ముందుకు జరుపుకుంది.

మాది కనిగిరి వైపు. పైన విమానం పోతుంటే మా నాయనమ్మ మెడ ఎత్తలేక, మంచం మీద మనిషి మొత్తం వెనక్కి వాలి చూసేది. నాకు గారపళ్ళు. రెండూ ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ పుణ్యమే. స్కూల్లో ఫొటో తీసేటప్పుడు పెదాలు బిగించుకునేదాన్ని. అయినా ఫ్లోరైడ్ అనగానే అందరూ నల్లగొండ అంటారు (నల్లగొండ కష్టం తక్కువని కాదు నా ఏడుపు). వెతకడం మొదలుపెడితే, పేపర్ తర్వాత పేపర్‌లో అదే ముక్క కనబడింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బుని, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారని. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో. మేమే! 1970లో ఒంగోలు జిల్లాలో కలిపే దాకా మాది నెల్లూరే కదా. షార్ట్ అనే ఆయన, ఇంకొందరు కలిసి రాసిన పేపర్ అది. నేను గొప్పగా దాన్నే ఆధారంగా చూపిస్తూ సైటేషన్ ఇచ్చేశాను.

"ఇది నువ్వు చదివావా, చదివినవాళ్ళు రాసింది చదివావా?" అంది ప్రొఫెసరమ్మ.

నోట మాట లేదు. లైబ్రరీలో అడిగి స్కాన్ తెప్పించుకున్నాను. ఒరిగిపోయిన పేజీలు, అంచుల్లో నలుపు. మా నాయనమ్మ పుట్టకముందు అచ్చయిన కాగితం అది. ఆవిడ డెబ్బై ఏళ్ళు ఆ నేల నీళ్ళే తాగింది. ఆ రాత్రి పేపర్ ఒక్క ముక్క కూడా ముందుకు కదల్లేదు.

నిజానికి నేను ఈ టాపిక్ తీసుకుంది మా పెదనాన్న మీద కచ్చతో. ఆయన వాట్సాప్‌లో "చింతపండుతో ఫ్లోరైడ్ మాయం! శాస్త్రవేత్తల నిర్ధారణ!!" అని నెలకోసారి ఫార్వర్డ్ చేస్తాడు. ఏ శాస్త్రవేత్త, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏమీ ఉండదు. (మన న్యూస్ పేపర్లు మాత్రం తక్కువ తిన్నాయా? "తాజా అధ్యయనంలో వెల్లడైంది" అంటారు. ఎవరి అధ్యయనం బాబూ?) ఆయన్ని ఉతికి ఆరేద్దామని కూర్చుంటే, తీరా నాకు దొరికిందేంటి? 2002లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు నిజంగానే చూశారు. కొద్దిమంది అబ్బాయిలకి రోజుకి 10 గ్రాముల చింతపండు, 18 రోజులు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది.

నా గాలి మొత్తం పోయింది. పెదనాన్న కరెక్టా?! అలా అని వంగిన నడుము నిటారవుతుందని అందులో లేదు. "చింతపండు ఫ్లోరైడ్‌ని తొలగిస్తుంది" అని రాశాను, కొట్టేశాను. "తొలగించదు" అని రాశాను, అదీ కొట్టేశాను. ఇలా రెండు రాత్రులు. చివరికి మిగిలింది ఇది: కొద్దిమంది అబ్బాయిల్లో కొద్దిరోజులు చేసిన ఒక పరిశీలనలో, చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపించింది. ఉప్పూకారం లేని చప్పిడి వాక్యం. దాని పక్కన మాత్రం "ఎవరన్నారు?" లేదు. నాకు పాతికేళ్ళ చదువులో ఏ మార్కుకీ అంత సంతోషం కలగలేదు.

ఇంకోటి. ఆ పేపర్‌లో "నేను" అని రాయొచ్చా అని భయపడుతూ అడిగాను. నీ పళ్ళ గురించి నువ్వు కాక ఎవరు రాస్తారంది. ఆ పేపర్‌కి సిమిలారిటీ 19 వచ్చింది, కొటేషన్లు, చివర ఆధారాల జాబితా అన్నీ కలిపి. ఆవిడ ఆ అంకె వంక చూడనైనా చూడలేదు.

ఇదంతా మా తమ్ముడికి ఎలా చెప్పను? మన చదువులో "నేను" అన్నది ఎప్పుడుంది? ఇంటర్‌లో ఒక పద్యానికి గైడ్‌లో ఉన్నది కాకుండా నాకు తోచింది రాశాను. తప్పులేం లేవు. లెక్చరర్ అడ్డంగా ఎర్ర గీత కొట్టి, నన్ను నిలబెట్టి, "సొంత పైత్యం వద్దమ్మా, గైడ్‌లో ఉన్నది చాలు" అన్నారు. క్లాసంతా నవ్వు. పదిహేడేళ్ళ పిల్లని. ఆయనకి ఆ సాయంత్రానికే గుర్తుండి ఉండదు. నేను ఇప్పటికీ కాగితం మీద సొంత అభిప్రాయం పెట్టబోతే ముందు ఆ గీత కనబడుతుంది. పైత్యమంట!

ఇంకా దాచుకోవడం ఎందుకు, మా బీటెక్ ప్రాజెక్టు కూడా అమీర్‌పేటలో కొన్నదే. నలుగురం చందాలేసుకున్నాం. నీలం అట్ట, బంగారు అక్షరాలు, డాక్యుమెంటేషన్‌తో సహా వాళ్ళే ఇచ్చారు. "మా సొంత కృషి" కింద మొదటి సంతకం నాదే. వైవాలో అడిగింది ఒక్కటే ప్రశ్న, "టీమ్‌లో ఎంతమంది?"

మావాడికి ఒకటే మెసేజ్ పెట్టాను. "మొదటి పేరా ఒక్కటి నువ్వు రాయి, తెలుగులో అయినా పర్లేదు, మిగతాది కూర్చుని ఇద్దరం చూద్దాం" అని. బ్లూ టిక్కులు పడి మూడు గంటలైంది. ఇప్పుడు పిన్ని ఫోన్ చేస్తోంది. రెండోసారి. నేను ఎత్తట్లేదు.