మూడు కామెంట్లు పెడితే ఐదు మార్కులా?

పిల్లలు ఆన్‌లైన్‌లో రాసే తరగతి బ్లాగుకు మార్కులు వేయడానికి వాడే రూబ్రిక్స్‌లో, అంటే దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికల్లో, తరచుగా కనిపించే వరసలు ఇవి: పోస్టులో 300 పదాలు ఉండాలి, రెండు లింకులు ఇవ్వాలి, ఒక ఫొటో పెట్టాలి, తోటి పిల్లల పోస్టుల కింద కనీసం మూడు కామెంట్లు రాయాలి. ఒక్కోదానికి ఐదు మార్కులు. టీచరుకు లెక్క తేలిక, తల్లిదండ్రులకు చూపించడమూ తేలిక. కానీ ఆ పట్టికలో పిల్లవాడు ఏం ఆలోచించాడన్న దానికి చోటే లేదు. లెక్కపెట్టగలిగినవన్నీ అందులోకి ఎక్కాయి, చదివితే తప్ప తెలియనివన్నీ బయట ఉండిపోయాయి.

అలాగని రూబ్రిక్ అక్కర్లేదని కాదు. అది లేకుండా రాతను దిద్దితే ఏమవుతుందో అమెరికాలో 1961లోనే తేలింది. ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే పరీక్షల సంస్థలో పనిచేసిన పాల్ డీడరిక్, తన సహచరులతో కలిసి, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థుల వ్యాసాలు 300 తీసుకుని 53 మంది చేత దిద్దించాడు. దేన్ని బట్టి దిద్దాలో చెప్పలేదు, 1 నుంచి 9 వరకు గ్రేడ్ మాత్రం వేయమన్నాడు. 101 వ్యాసాలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని గ్రేడ్లూ పడ్డాయి. ఐదు కంటే తక్కువ రకాల గ్రేడ్లు వచ్చిన వ్యాసం ఒక్కటీ లేదు. దిద్దినవాళ్లు అశ్రద్ధ చేశారని అనలేం. ఒకరు ఆలోచన చూశారు, ఒకరు తప్పులు చూశారు, ఇంకొకరు వ్యాసం కూర్పు చూశారు. ఎవరి కొలత వారిదే అయినప్పుడు పిల్లవాడి మార్కు వాడి రాత మీద కంటే పేపరు ఎవరి చేతిలో పడిందన్న దాని మీద ఆధారపడుతుంది.

మనకూ ఈ బాధ కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ఉన్న 20 ఇంటర్నల్ మార్కులను 2019లో ప్రభుత్వం తీసేసింది. ప్రైవేటు బడులు వాటిని ఇష్టం వచ్చినట్టు వేసుకుంటున్నాయన్నది అప్పటి ప్రధాన ఆరోపణ. టీచరు వేసిన మార్కును నమ్మించే ఆధారం చూపలేనప్పుడు చివరికి పోయేది ప్రాజెక్టులు, పుస్తక సమీక్షలు, పిల్లలు సొంతంగా రాసినవే. మళ్లీ మూడు గంటల పరీక్ష ఒక్కటే మిగులుతుంది. అందుకే బ్లాగు లాంటి పనికి గట్టి రూబ్రిక్ ఉండాలని నేను కోరుకుంటాను. తగువంతా అందులో ఏ వరసలు ఉండాలన్న దగ్గరే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిదో తరగతికి ‘మా ఊరి చెరువు’ అని అంశం ఇచ్చారనుకోండి. ఒక అబ్బాయి మిషన్ కాకతీయ గురించి నెట్‌లో దొరికినదంతా సర్ది 320 పదాలు రాశాడు. ఫొటో ఉంది, లింకులు ఉన్నాయి, తోటివాళ్ల పోస్టుల కింద మూడు కామెంట్లూ ఉన్నాయి. ఒక అమ్మాయి 120 పదాలే రాసింది. చెరువు తూము ఎప్పుడు మూసుకుపోయిందో వాళ్ల నానమ్మను అడిగి రాసింది. కింద తోటి పిల్లవాడు ‘మా తాతయ్య వేరేలా చెప్పాడు, తూము బాగానే ఉందట, కాలవే పూడిపోయిందట’ అని కామెంట్ పెట్టాడు. ఆ అమ్మాయి వెళ్లి ఇంకో ఇద్దరిని అడిగి, రెండు మాటలూ పోస్టులో చేర్చి, ఏది నిజమని తనకు అనిపిస్తోందో, ఎందుకు అనిపిస్తోందో రాసింది. లెక్కపెట్టే రూబ్రిక్ ప్రకారం అబ్బాయికి పూర్తి మార్కులు, అమ్మాయికి సగం. నోటుపుస్తకంలో జరగనిది, బ్లాగులో మాత్రమే జరగగలిగినది ఆ అమ్మాయి పోస్టులోనే జరిగింది. దానికి మార్కు లేకపోతే ఆ వ్యాసాన్ని నోటుపుస్తకంలోనే రాయించవచ్చు, కంప్యూటర్ ల్యాబ్ దాకా తీసుకెళ్లడం ఎందుకు?

కామెంట్ల వరస అలా కాకుండా ఇలా ఉండాలి: వచ్చిన మాటను పట్టించుకోలేదు, థాంక్స్ చెప్పి వదిలేశారు, జవాబు ఇచ్చారు, దాన్ని బట్టి మళ్లీ కనుక్కుని పోస్టు సరిచేశారు లేదా ఎందుకు సరిచేయనక్కర్లేదో చెప్పారు. నాలుగు మెట్లు, నాలుగూ మాటల్లో. ‘మూడు కామెంట్లు’ అని సంఖ్య పెడితే వచ్చేవి ‘సూపర్’, ‘చాలా బాగుంది’, ‘నైస్ పోస్ట్’. ఎవరూ కామెంట్ పెట్టని పిల్లల సంగతేమిటని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. అలాంటి పోస్టు కింద టీచరే ఒక ప్రశ్న వేయాలి.

తెలుగు బ్లాగుకు ఇంకో చిక్కుంది. పిల్లలు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పిస్తారు. చాలా పద్ధతుల్లో ‘ణ’ కావాలంటే పెద్ద ఎన్, ‘ళ’ కావాలంటే పెద్ద ఎల్ నొక్కాలి. షిఫ్ట్ మరిచిపోతే ‘వెళ్ళాను’ కాస్తా ‘వెల్లాను’ అవుతుంది. దీనికీ, అక్షరం నిజంగా రాకపోవడానికీ తేడా ఉంది. దోషాల వరసలో ఒక్కో తప్పుకు అర మార్కు కోసుకుంటూ పోతే, చక్కగా రాయగల పిల్లలు కూడా భయంతో చిన్న చిన్న మాటలకే పరిమితమవుతారు. దిద్దుకునే అవకాశం ఇచ్చి, దిద్దుకున్నాక మిగిలినవాటికే మార్కు తగ్గించడం సరైన పద్ధతి. ఇంట్లో మాట్లాడే యాసలో రాస్తే దాన్ని దోషం కింద అసలు వేయకూడదు. నానమ్మ చెప్పిన మాట నానమ్మ మాటల్లోనే రావాలి కదా.

ఇప్పుడు చాట్‌జీపీటీ ఉంది. 300 పదాలు, లింకులు, తప్పుల్లేని వాక్యాలు నిమిషంలో ఇచ్చేస్తుంది. అంటే పాత రూబ్రిక్‌లో పూర్తి మార్కులు యంత్రానికే వస్తాయి. ఊళ్లో ఎవరిని అడిగారు, మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య ఏం మారింది, ఎందుకు మారింది అన్నవి వరసల్లోకి వస్తే దానికి అంత తేలిగ్గా దొరకవు.

టీచర్ల మీద భారం గురించి కూడా మాట్లాడాలి. నలభై మంది పిల్లల ప్రతి పోస్టుకూ ఇంత వివరంగా మార్కులు వేయమనడం అన్యాయం. పైగా ప్రతి పోస్టుకూ మార్కు ఉందంటే పిల్లలకు టెన్షన్, ధైర్యంగా ఏదీ ప్రయత్నించరు. మన బడుల్లో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే చదువు సాగుతుండగా చేసే మదింపులు) ఉన్నాయి. ఒక్కో ఎఫ్‌ఏకి ఒక్క పోస్టు చాలు. ఏ పోస్టుకు మార్కు వేయాలో పిల్లలనే ఎంచుకోమనాలి, ఎందుకు ఎంచుకున్నారో మూడు నాలుగు వాక్యాలు రాయమనాలి. టీచరు ముందు ఆ వాక్యాలు చదివి, తర్వాతే పోస్టు తెరవాలి.