సవరణ: స్టీరింగ్ పంపులో వాషర్ సంగతి

మొన్న నేను రాసినదాంట్లో తప్పు దొర్లింది. స్టీరింగ్ తిప్పడానికి సాయంగా ఆయిల్‌ని ప్రెషర్‌తో పంపే పవర్ స్టీరింగ్ పంపులో, ప్రెషర్ హద్దు మీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఉంటుంది; దాని స్ప్రింగు వెనక చిన్న వాషర్ వేస్తే స్టీరింగ్ తేలికైపోతుందన్నాను. కాదు. అది పెంచేది ఆయిల్ గరిష్ఠ ప్రెషర్ మాత్రమే. కోఠి సందుల్లో బండి ఇరికించి, స్టీరింగ్ చివరిదాకా తిప్పేటప్పుడే దాంతో పని. మామూలుగా నడిపేటప్పుడు స్టీరింగ్ ఎంత బరువుగా ఉండాలో ముఖ్యంగా తేల్చేది ర్యాక్ (చక్రాలను పక్కకు తిప్పే కడ్డీ) మీది వాల్వులో ఉండే టార్షన్ బార్, అంటే స్టీరింగ్ తిప్పితే కాస్త మెలితిరిగే సన్నటి కడ్డీ. పైగా ప్రెషర్ పెరిగితే హోస్ పగలొచ్చు, సీళ్లు లీకవ్వొచ్చు. నా బండికి అయింది కూడా, సెల్లార్‌లో కారిన స్టీరింగ్ ఆయిల్ ఎర్రటి మరక చూసి మా ఆవిడ "రక్తమా?" అని హడలిపోయింది. వాషర్ పీకేశాను. రాణిగంజ్‌లో పంపును తిప్పే కొత్త బెల్టు కొని బిగించి, టైర్లలో గాలి సరిచేయిస్తే చాలావరకు తేలికైంది. అన్నట్టు, పూర్తి ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న బళ్లకు ఈ పంపే ఉండదు.