సవరణ: ఎడమచేతివాటం వారికి కన్సోల్‌లోనే ఉన్న వెసులుబాటు

పర్లాకిమిడిలో మా అక్క కొడుకు ఎడమచేతివాటం వాడు కావడంతో, వీడియో గేమ్‌లు ఆడేటప్పుడు వాడు పడే అవస్థ చూసి కిందటి వారం ఒక టపా రాశాను. ఆటలో ఎడమచేతికి తగిన బటన్ల అమరిక ఇవ్వకపోతే ప్లేస్టేషన్, నింటెండో స్విచ్ అనే కన్సోల్‌ల (వీడియో గేమ్‌లు ఆడే యంత్రాల) మీద ఆడేవారు చేయగలిగింది ఏమీ లేదని అందులో అన్నాను. అది తప్పు. ఆట మెనూ మాత్రమే వెతికి, కన్సోల్ సెట్టింగులు తెరిచి చూడకుండా రాశాను. గుణుపురం నుంచి ఒక పాఠకుడు ఈ సంగతి ఎత్తిచూపిన తరువాత తయారీదారుల సహాయ పుటలు చదివి, మా ఇంటి ప్లేస్టేషన్ 4లోనూ సరిచూసుకున్నాను.

ప్లేస్టేషన్ 4లో 2015 నుంచి, స్విచ్‌లో 2020 ఏప్రిల్ నుంచి, ఆటతో నిమిత్తం లేకుండా కన్సోల్ సెట్టింగుల్లోనే కంట్రోలర్ (ఆడేటప్పుడు చేతుల్లో పట్టుకునే పరికరం) మీది బటన్ల పనులను మార్చుకోవచ్చు. ప్లేస్టేషన్ 5లో కుడి, ఎడమ స్టిక్‌లను (బొటనవేళ్లతో కదిపే చిన్న పుల్లలను) కూడా తారుమారు చేసుకోవచ్చు. ఎడమచేతి వారికి ప్రత్యేకమైన కంట్రోలర్ కొనక తప్పదని బరంపురంలో ఒక దుకాణంవారు ఇచ్చిన సలహాను నేను నమ్మి ఉండవలసింది కాదు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ మార్పు ఒక్క ఆటకే పరిమితం కాక అన్ని ఆటలకూ, కన్సోల్ మెనూలకూ వర్తిస్తుంది. పైగా తెర మీద కనిపించే సూచనలు పాతవిగానే ఉంటాయి. మావాడు కుడివైపు ఉండే క్రాస్ (X గుర్తు) బటన్ పనిని ఎడమవైపు ఎల్1 అనే బటన్‌కి మార్చుకున్నాడు, తెర మాత్రం ఇంకా క్రాస్ నొక్కమనే చెబుతోంది కనుక ఎల్1 మీద చిన్న కాగితపు ముక్క అంటించుకున్నాడు.

కిందటి వారం టపాలో, ఫోన్ ఆటల్లో తెరమీది బటన్లను వేలితో జరుపుకోవడం గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.